కార్డు కేటలాగు, కంప్యూటరు, తెలుగు లిపి: నికల్సన్ బేకర్ 'డిస్కార్డ్స్' వ్యాసంపై ఒక పరిశీలన

అమెరికా రచయిత నికల్సన్ బేకర్ 1994 ఏప్రిల్‌లో 'ద న్యూయార్కర్' పత్రికలో 'డిస్కార్డ్స్' అనే దీర్ఘవ్యాసం ప్రచురించాడు. కంప్యూటర్లు వచ్చాయన్న ఉత్సాహంలో గ్రంథాలయాలు తరతరాలుగా కూడబెట్టుకొన్న కార్డు కేటలాగులను చెత్తపాలు చేస్తున్నాయన్నది ఆ వ్యాసంలోని ఆక్షేపణ. మేరీలాండ్ విశ్వవిద్యాలయపు వైద్యశాస్త్ర గ్రంథాలయంలో కార్డులను బెలూన్లకు కట్టి ఎగురవేసి పండుగ చేసుకొన్న ఉదంతాన్ని అతడు చెబుతాడు. చదివినవారు ఆ దృశ్యాన్ని మరచిపోరు. గ్రంథాలయ వర్గాలలో ఆ వ్యాసం రేపిన దుమారం చాలాకాలం అణగలేదు. 2001లో అతడే 'డబుల్ ఫోల్డ్' అనే గ్రంథం వ్రాసి, పాత వార్తాపత్రికల సంపుటాలను మైక్రోఫిల్ము తీసి పారవేయడాన్ని తప్పుపట్టి, ఆ వివాదాన్ని ఇంకా పెంచాడు.

ఇన్నేళ్ళ తరువాత ఆ వ్యాసాన్ని మన పత్రికలో చర్చకు తీసుకోవడానికి కారణముంది. మేము ఎరిగిన కొన్ని వేదాంత కళాశాలల గ్రంథాలయాలలో కార్డు నుండి కంప్యూటరుకు మారడం సగంలోనే ఉంది. కార్డుల సొరుగులు ఒక ప్రక్క, తెర ఒక ప్రక్క. ఇంగ్లీషు పుస్తకాలు తెరమీదికి ఎక్కాయి. తెలుగు పుస్తకాలు 'తరువాత చూద్దాం' అన్న వరుసలో ఉన్నాయి. అక్కడ బేకర్ అడిగిన ప్రశ్నలు ఇంకా సజీవంగానే ఉన్నాయి. అయితే అతడు దుఃఖించిన నష్టం ఒకటి, మనకు జరిగిన నష్టం మరొకటి అని మా అభిప్రాయం. దానిని కొంత వివరంగా చెప్పదలచాము.

యంత్రం వచ్చిన తొలినాళ్ళు

బేకర్ వ్యాసం చదివితే కంప్యూటరు ఒకనాటి ఉదయాన వచ్చి కార్డును చంపినట్లు తోస్తుంది. జరిగిన చరిత్ర అంత సూటిగా లేదు. 1963లో గిల్బర్ట్ కింగ్ నాయకత్వంలోని నిపుణుల బృందం అమెరికాలోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌కు ఒక నివేదిక సమర్పించి, కేటలాగు పనిని యాంత్రీకరించడం సాధ్యమేనని చెప్పింది. 1965లో ఆ గ్రంథాలయంలో హెన్రియెట్ ఆవ్రమ్ అనే ప్రోగ్రామరు చేరింది. ఆమెకు గ్రంథాలయ శాస్త్రంలో శిక్షణ లేదు. కార్డుమీద ఏ ముక్క ఎందుకుందో అనుభవజ్ఞులైన కేటలాగరులను అడిగి తెలుసుకొని, ఒక్కొక్క అంశానికి ఒక్కొక్క సంఖ్య కేటాయించే పద్ధతిని ఆమె బృందం తయారు చేసింది. గ్రంథకర్త పేరుకు 100, గ్రంథనామానికి 245, విషయశీర్షికకు 650, ఇలా. దానికే మార్క్ అని పేరు. 1966 నవంబరులో 16 గ్రంథాలయాలకు అయస్కాంత టేపులు పంపి ప్రయోగం ఆరంభించారు. 1969 మార్చి నుండి టేపుల పంపిణీ క్రమబద్ధమైన సేవగా మారింది. మొదట పంపినవి ఇంగ్లీషు గ్రంథాల వివరాలు మాత్రమే. ఈ సంగతిని పాఠకులు గుర్తుంచుకోవాలి, మళ్ళీ ఇక్కడికే వస్తాము.

ఈ పని ఎలాంటిదో కాపరులకు ఒక పోలికతో చెప్పవచ్చు. 1551లో రొబేర్ ఎస్టియెన్ తన గ్రీకు క్రొత్త నిబంధన ముద్రణలో వచన సంఖ్యలు వేశాడు. వాక్యం మారలేదు, కానీ ఆ సంఖ్యలు వచ్చాక ఏ మాట ఎక్కడుందో వ్రేలు పెట్టి చూపడం, పదానుక్రమణికలు తయారు చేయడం సులువైంది. కొన్నిచోట్ల ఒకే వాక్యం రెండు వచనాలుగా విరిగి, దాని అర్థం కూడా విరిగినట్లు కనబడుతుంది. మార్క్ సంఖ్యలకు కూడా ఈ రెండు గుణాలున్నాయి. కార్డు చూచిన మనిషి, పైవరుసలో ఉన్నది గ్రంథకర్త పేరని ఎవరూ చెప్పకుండానే గ్రహిస్తాడు. యంత్రానికి పైవరుస, క్రింది వరుస అన్న తేడా తెలియదు, సంఖ్య వేసి చెప్పాలి. చెప్పినంత మేరకే దానికి తెలుస్తుంది.

ఇక ఓ.సి.ఎల్.సి. సంగతి. ఫ్రెడరిక్ కిల్గోర్ 1967లో ఒహాయో రాష్ట్ర కళాశాలల కోసం స్థాపించిన సంస్థ ఇది. 1971 ఆగస్టు 26న ఒహాయో విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో దాని వ్యవస్థ ద్వారా తొలిసారి పుస్తకాలను తెరమీద కేటలాగు చేశారు. ఒక గ్రంథాలయం వివరాలు ఎక్కిస్తే మిగిలినవన్నీ వాటిని వాడుకోవచ్చు. ఇందులో బేకర్ పాఠకులకు అంతగా తట్టని విశేషం ఒకటుంది. ఆ గ్రంథాలయాలు కంప్యూటరు నుండి ప్రధానంగా కోరుకొన్నది కార్డులనే! తెరమీద రికార్డు ఎంచుకొంటే ఆ గ్రంథాలయపు అవసరానికి తగినట్లు ముద్రించి, అక్షరక్రమంలో పేర్చిన కార్డుల పెట్టెలు తపాలాలో వచ్చేవి. 1985లో ఆ సంస్థ ఒక్క సంవత్సరంలో 13 కోట్లకు పైగా కార్డులు ముద్రించింది; అదే దాని శిఖరం. చివరి కార్డు ముద్రించినది 2015 అక్టోబరు 1న. అప్పటికి మొత్తం 190 కోట్లు. అంటే కంప్యూటరు వచ్చిన తొలి పదిహేనేళ్ళు కార్డు చావలేదు, విస్తరించింది. క్రొత్త యంత్రాన్ని పాత అలవాటుకు సేవకునిగా పెట్టుకొన్నారు. అలవాటు మారడానికి మరో తరం పట్టింది. లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ తన కార్డు కేటలాగులో క్రొత్త కార్డులు చేర్చడం 1980 చివరితో ఆపింది గాని, 1901లో మొదలుపెట్టిన కార్డుల అమ్మకాన్ని 1997 దాకా సాగించింది.

ఆవ్రమ్, కిల్గోర్ ఇద్దరూ 2006లోనే కన్నుమూశారు.

బేకర్ మాటలో నిజమెంత

బేకర్ వాదంలో బలమైన భాగం ఇది: కార్డుమీద ఉన్నదంతా రికార్డులోకి రాలేదు. పూర్వపు కేటలాగరు తన చేతివ్రాతతో చేర్చిన సూచన, ఒక పుస్తకాన్ని మరొక పుస్తకంతో కలిపే 'చూడుము' కార్డు, చాలామంది చేతులు తగిలి నల్లబడిన అంచు, ఇవన్నీ అతని దృష్టిలో సమాచారమే. మార్పిడి పని ఎక్కువచోట్ల బయటి సంస్థలకు అప్పగించబడింది. ఎంత త్వరగా, ఎంత చౌకగా అన్నది ముఖ్యమైంది. టైపు చేసేవారికి ఆ పుస్తకం ముఖం చూచే అవకాశం లేదు. న్యూయార్క్ పబ్లిక్ లైబ్రరీ 1971తో ఆపివేసిన తన పరిశోధన గ్రంథాలయ కేటలాగును 800 సంపుటాల పుస్తకంగా ముద్రింపజేసింది. అలాంటి జాగ్రత్త పడినవి కొన్నే.

మేమెరిగిన ఒక వేదాంత గ్రంథాలయంలో కూడా ఇలాగే జరిగింది. ఇంగ్లీషు కార్డులను కంప్యూటరుకు ఎక్కించిన తరువాత సొరుగులన్నీ కాగితాల వ్యాపారికి తూకానికి వేశారు. పాత మిషనరీ కాలపు పుస్తకాల కార్డుల వెనుక, ఆ ప్రతి ఎవరి ఇంటి నుండి వచ్చిందో, ఏ పుటలు లోపించాయో పూర్వపు గ్రంథాలయాధికారి పెన్సిలుతో వ్రాసి ఉంచేవారు. సంఘచరిత్ర వ్రాసేవారికి అవి ఎంత విలువైనవో చెప్పనక్కరలేదు. కార్డు ముందువైపు మాత్రమే టైపు చేయాలన్నది ఒప్పందం. వెనుకవైపు త్రిప్పి చూడాలని ఎవరికీ తోచలేదు. మాలో ఒకరం అప్పుడు అక్కడే ఉన్నాం, మాకూ తోచలేదు.

అయినా బేకర్‌తో పూర్తిగా ఏకీభవించలేము. కార్డు కేటలాగు ఒక్క గదిలోనే ఉంటుంది. ఆ గదికి రాగలిగినవానికే దాని అందం. మారుమూల సంఘంలో సేవచేసే కాపరికి, నగరంలోని కళాశాలలో ఏ వ్యాఖ్యానం ఉందో తెలుసుకొనే మార్గం కార్డు ఎన్నడూ ఇవ్వలేదు. పాఠకుని కాలాన్ని ఆదా చేయుమని 1931లో తన పంచసూత్రాలలో చెప్పిన రంగనాథన్ ఈ విషయంలో ఏ ప్రక్కన నిలబడి ఉండేవారో ఊహించడం కష్టం కాదు. బేకర్ గొప్ప విశ్వవిద్యాలయ గ్రంథాలయాల తలుపుల లోపల నిలబడి వ్రాశాడు. తలుపు బయట ఉన్నవాని సంగతి అతని వ్యాసంలో చాలా పలుచన.

బేకర్ చూడనిది

మా ప్రధాన ఆక్షేపణ ఇది కాదు. అతని వ్యాసంలో కార్డుమీది నష్టమంతా రోమను లిపిలో జరిగిన నష్టం. మన నష్టం లిపి దగ్గరే మొదలైంది.

దీనికి కంప్యూటరును మాత్రమే నిందించడం న్యాయం కాదు. మన జాతీయ గ్రంథసూచి అయిన ఇండియన్ నేషనల్ బిబ్లియోగ్రఫీ, కంప్యూటరు ఊసులేని 1950లలోనే, అన్ని భాషల పుస్తకాల పేర్లనూ ఒకే వరుసలో పేర్చడానికి రోమను లిపిని ఎంచుకొన్నది. 1962లో లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ ఢిల్లీలో కార్యాలయం తెరచి, పి.ఎల్. 480 పథకం క్రింద భారతీయ భాషల పుస్తకాలు కొనసాగింది. గోధుమల వెలగా మనం చెల్లించిన రూపాయలలో కొన్ని ఆ విధంగా తెలుగు పుస్తకాలయి చికాగో, విస్కాన్సిన్ వంటి చోట్లకు చేరాయి. పెద్దవారికి ఆ గోధుమలు గుర్తుండే ఉంటాయి. ఆ పుస్తకాల కేటలాగు వివరాలు కూడా రోమను లిపిలోనే. దానికి పకడ్బందీ నియమాలున్నాయి. దీర్ఘానికి పైన గీత, ట డ ణ లకు క్రింద చుక్క, ఱ కు క్రింద గీత. ఆ గుర్తులన్నీ ఉన్నంతవరకు తెలుగు పేరును తిరిగి తెలుగులో వ్రాసుకోవచ్చు.

కంప్యూటరు వచ్చాక ఆ తాత్కాలిక ఏర్పాటు స్థిరపడిపోయింది. మార్క్ రికార్డుల కోసం తయారైన అక్షర సమితిలో కాలక్రమేణా హెబ్రీ, అరబీ, గ్రీకు, సిరిలిక్, చైనా జపాను కొరియా లిపులు చేరాయి. పరిశోధన గ్రంథాలయాల ఉమ్మడి వ్యవస్థ ఒకదానిలో 1983 నుండి చైనా అక్షరాలు, 1988 నుండి హెబ్రీ అక్షరాలు తెరమీద కనిపించాయి. పాత నిబంధన విద్యార్థి హెబ్రీ గ్రంథాన్ని హెబ్రీలోనే వెదకగలిగాడు. ఆ సమితిలో భారతీయ లిపి ఒక్కటీ చేరలేదు. ఇన్ని కోట్లమంది చదివే లిపులకు యూనికోడ్ వచ్చేదాకా చోటు లేదు.

ఇక చుక్కలు, గీతలు. తెరమీద వెదికేవాడు వాటిని టైపు చేయలేడు గనుక వెదికే ప్రోగ్రాము వాటిని లెక్కలోకి తీసుకోకుండా చేశారు. అది ఉపకారమనే తలచారు. ఫలితమేమిటి? క్రింది చుక్క పోతే 'పాట', 'పాత' ఒకటే. పాటల పుస్తకం కావాలని అడిగినవానికి పాత నిబంధన కూడా వస్తుంది. 'కల', 'కళ', 'కాల' మూడూ ఒకే మాట. కార్డుల సొరుగులో ఈ గందరగోళం లేదు. తెలుగు కార్డు తెలుగులోనే ఉండేది, చదివేవాడు తెలుగువాడే.

అంతకన్నా చిక్కు సంధి సమాసాలది. 'క్రైస్తవసంఘచరిత్ర' అన్నది ఒక మాటా, రెండా, మూడా? ముద్రాపకుడు ఒక విధంగా వేస్తాడు, కేటలాగరు మరొక విధంగా విడదీస్తాడు, వెదికేవాడు మూడో విధంగా తలుస్తాడు. కంటికి ఇది సమస్య కాదు. యంత్రానికి ఖాళీ ఉన్నచోటే మాట ఆగుతుంది. 'సంఘ' అని వెదికితే, కలిపి వ్రాసిన పేరు దానికి కనబడదు. ఇంగ్లీషు పుస్తకాల కోసం తయారైన పదసూచీ పద్ధతి తెలుగు వాక్యస్వభావాన్ని ఎరుగదు. ఎరగాలని అడిగినవారూ లేరు.

ఇంతా చెప్పి, రోమను లిపి చేసిన ఒక మేలును కూడా ఒప్పుకోవాలి. మహాకవి జాషువా ఇంటిపేరును కొందరు 'గుఱ్ఱం' అని, కొందరు 'గుర్రం' అని వ్రాస్తారు. యూనికోడ్‌లో ర, ఱ వేర్వేరు సంకేతాలు; ఒకటి వెదికితే రెండవది రాదు. గుర్తులు రాలిపోయిన రోమను లిపిలో మాత్రం రెండూ ఒకటే గనుక రెండూ దొరుకుతాయి. ఒక లోపం మరొక లోపాన్ని కప్పిన అరుదైన సందర్భమిది. కవిని జనులందరూ ఎరిగినది 'జాషువా'గా. ఇంటిపేరు క్రింద వెదకవలెనని ఎందరికి తోస్తుంది? అందుకే 'చూడుము' కార్డు.

భారతదేశంలో మనం స్వయంగా చేసినదేమిటని అడగవచ్చు. యునెస్కో 1985లో చిన్న కంప్యూటర్లకు సి.డి.ఎస్./ఐసిస్ అనే ప్రోగ్రామును ఉచితంగా ఇచ్చింది. మన దేశంలో అనేక గ్రంథాలయాలు దానితోనే అక్షరాభ్యాసం చేశాయి. భారతీయ లిపులకు ఇస్కీ అనే ప్రమాణం 1988లోను, సవరించిన రూపంలో 1991లోను వచ్చింది. 1991లోనే యూనికోడ్ మొదటి సంపుటిలో తెలుగుకు చోటు దక్కింది. కానీ సామాన్యుని కంప్యూటరులో తెలుగు సులువుగా కనబడినది 2001లో విండోస్ ఎక్స్‌పీ వచ్చిన తరువాతనే. ఈ మధ్యకాలంలో మన ముద్రణశాలలు తమ తమ ఫాంట్లతో తెలుగు టైపు చేశాయి. ఒక ఫాంటులో చేసినది మరొక ఫాంటులో తెరిస్తే అర్థంలేని గుర్తులు. ఆ రోజులలో తెలుగు పుస్తకాల జాబితా తయారు చేసిన గ్రంథాలయాధికారి ఎదుట రెండు దారులే ఉన్నాయి: గుర్తులు లేని రోమను, లేదా రేపు ఎవరూ చదవలేని తెలుగు.

చోటు మారిన పుస్తకాలు

వేదాంత గ్రంథాలయాలకు ప్రత్యేకించిన నష్టం ఒకటి బేకర్ చర్చకు దగ్గరలోనే ఉంది. న్యూయార్క్‌లోని యూనియన్ థియొలాజికల్ సెమినరీలో 1909 నుండి 1939 వరకు పనిచేసిన జూలియా పెట్టీ, వేదాంత విద్య అవసరాలకు తగినట్లు ఒక వర్గీకరణ పద్ధతిని నిర్మించింది. అనేక సెమినరీలు దానిని అనుసరించాయి. ఉమ్మడి కంప్యూటరు కేటలాగు వచ్చాక, ప్రతి రికార్డుతోపాటు లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ వర్గసంఖ్య ఖర్చులేకుండా వచ్చింది. ఉచితంగా వచ్చినదాన్ని కాదని సొంత సంఖ్య వేసుకోవడానికి జీతాలెక్కడివి? 1970ల నుండి ఒక్కొక్క సెమినరీ పెట్టీ పద్ధతిని విడిచిపెట్టింది. ఇది సరియైన నిర్ణయం కాదని మేము అనము. కాని ఆ నిర్ణయం వేదాంత చర్చ ద్వారా కాక బడ్జెటు ద్వారా జరిగింది.

డ్యూయీ పద్ధతి వాడే మన గ్రంథాలయాలకు కూడా ఇది వర్తిస్తుంది. 200 శ్రేణిలో 220 నుండి 289 దాకా బైబిలు, క్రైస్తవ్యం. లోకంలోని తక్కిన మతాలన్నిటికీ 290లలో ఇరుకు గదులు. హిందూమతం 294.5, ఇస్లాము 297. మతాల మధ్య సంభాషణను గురించి పాఠ్యాంశం పెట్టుకొన్న కళాశాలలో విద్యార్థి అల్మారాల మధ్య నడిచేటప్పుడు నేర్చుకొనే మౌనపాఠం ఇది. మన దేశంలో ఇది మనకు మనమే ఆలోచించవలసిన ప్రశ్న. దిగుమతి చేసుకొన్న రికార్డులో సంఖ్య ముందే ఉంటే ఆ ఆలోచనకు అవకాశం రాదు.

ఇప్పుడు మన చేతిలో ఉన్నది

2000లలో డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా వేలకొలది తెలుగు పుస్తకాలను స్కాన్ చేసింది. ఆ ఆలోచన వెనుక ఉన్నవారిలో మన చిత్తూరు జిల్లాలో పుట్టిన రాజ్‌రెడ్డి గారు ముఖ్యులు. పుటలు భద్రమయ్యాయి, అందుకు కృతజ్ఞులము. పుస్తకాల పేర్లను మాత్రం ఏ నియమమూ లేని రోమను లిపిలో, ఎవరికి తోచినట్లు వారు ఎక్కించారు. ఒకే గ్రంథం నాలుగు విధాల పేర్లతో ఉంటుంది, ఇంకొకటి ఏ పేరుతో వెదికినా దొరకదు. ఆ వెబ్‌సైటు తరువాత మూతపడింది. ప్రతులు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఆ తప్పుల పేర్లతోనే ఉన్నాయి. 1969 నాటి అమెరికా కేటలాగరుకు తెలుగు లిపి లేదు గాని నియమం ఉంది. మనకు లిపి వచ్చే వేళకు నియమం పోయింది.

నేడు న్యూజీలాండులోని ఒక చిన్న గ్రంథాలయ సంస్థ కోసం తయారై 2000 జనవరిలో పని ఆరంభించిన కోహా వంటి ప్రోగ్రాములు వెల లేకుండా దొరుకుతున్నాయి. వాటికి యూనికోడ్ తెలుసు. మార్క్‌లో రెండు మార్గాలున్నాయి. మొదటిది, ప్రధాన ఫీల్డులో రోమను పేరు, 880 అనే అనుబంధ ఫీల్డులో సొంత లిపి. రెండవది, 245లోనే నేరుగా సొంత లిపి. అమెరికా గ్రంథాలయాలకు మొదటిది సహజం. అక్కడి రికార్డులను దిగుమతి చేసుకొనే మన గ్రంథాలయాలు కూడా ఆలోచించకుండా అదే అనుసరిస్తే, తెలుగు నేలమీద తెలుగు పుస్తకం పేరు అనుబంధంలో ఉండిపోతుంది. 245లో తెలుగే ఉండాలనీ, రోమను రూపం దూరపు పరిశోధకుని కోసం అదనంగా ఉండాలనీ మా వాదం. సమాసాల విషయంలో కలిపి వ్రాసిన రూపం, విడదీసిన రూపం రెండూ 246లో చేర్చవచ్చు. అది పెద్ద పని కాదు. ఒక్కొక్క పుస్తకానికి ఒకటి రెండు నిమిషాలు. అక్షరక్రమం సంగతి వేరే చూడాలి. సంకేతాల వరుసలో పేరిస్తే 'సంఘము' 'సకలము' కంటె ముందు వస్తుంది, సున్నను ఔ తరువాత చదువుకొన్నవారు వెనుక వెదుకుతారు.

తూకానికి వేసిన ఆ గ్రంథాలయంలో తెలుగు కార్డుల సొరుగులు రెండు మిగిలాయి. తాళంచెవి కనబడక వ్యాపారి వాటిని వదిలివెళ్ళాడట. ఇటీవల ఒక విద్యార్థి వాటిని కోహాలోకి ఎక్కించే పనికి పూనుకొని, జాషువా కార్డు దగ్గర ఆగి, ఏ 'ర' వేయమంటారని మమ్మల్ని అడిగాడు. రెండూ వేయమన్నాము. మరునాడు అతడే సొరుగు వెనుకభాగం నుండి మరో కార్డు తెచ్చి చూపించాడు. 'గుర్రం: గుఱ్ఱం చూడుము' అని ఎవరో ఎర్రసిరాతో అప్పటికే వ్రాసి ఉంచారు.